నడుస్తున్న డేటాబేస్ ఫైల్‌ని కాపీ చేస్తే అది బ్యాకప్పేనా?

భీమవరం చెరువుగట్టు:
మా బాబాయి రొయ్యల మేత కొట్టుకి నోడ్‌జేఎస్‌లో ఖాతాల యాప్ రాశాను. డేటా అంతా ఒక్క ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైల్, యాప్ నుంచి దాన్ని వాడే లైబ్రరీ బెటర్-ఎస్‌క్యూలైట్3. రోజూ రాత్రి ఆ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసే స్క్రిప్టు పెట్టాను. మొన్న పొద్దున లాప్‌టాప్ ఆన్ కాలేదు. ముందు రాత్రి కాపీ తెరిస్తే మధ్యాహ్నం నుంచి రాసిన పద్దులు లేవు. ఒక రైతు పన్నెండు బస్తాలు అప్పు మీద తీసుకెళ్లాడని బాబాయికి గుర్తుంది, ఫైల్లో ఆ వరుసే లేదు. కాపీలో ఏ ఎర్రరూ రాలేదు. డేటాని జేసన్‌లోకి, అంటే మామూలు టెక్స్టు ఫైల్లోకి తీసుకుంటే చాలని మా ఫ్రెండ్ అంటున్నాడు. ఏది సరైనదండీ?

కోనసీమ కొబ్బరితోట:
అది బ్యాకప్ కాదండీ. మీరు వాల్ (రైట్-అహెడ్ లాగ్) మోడ్ పెట్టుకుని ఉంటారు. అందులో కొత్త పద్దులు ముందు పక్కనున్న వాల్ ఫైల్లో పడి, తర్వాత అసలు ఫైల్లోకి ఎక్కుతాయి. చిట్టా రాసి ఆవర్జాకి ఎక్కించినట్టే. మీ స్క్రిప్టు ఆవర్జా ఒక్కటే పట్టుకెళ్లింది. యాప్ నడుస్తున్నంతసేపూ మామూలుగా వాల్ 1000 పేజీలకి (పేజీ అంటే డేటాబేస్ ఫైల్లో ఒక ముక్క), అంటే సుమారు 4 ఎంబీకి చేరితేనే ఎక్కింపు జరుగుతుంది. చిన్న కొట్టుకి ఒక పూటలో అంత నిండదు.

ఆ లైబ్రరీలోనే బ్యాకప్ ఫంక్షన్ ఉంది. యాప్ నడుస్తుండగానే విడతకి 100 పేజీల చొప్పున కాపీ చేస్తుంది. అదే కనెక్షన్ నుంచి మధ్యలో పద్దు రాసినా కాపీలోకి వస్తుంది.

పాలకొల్లు కాలువ:
రెండు ఫైళ్లూ కలిపి కాపీ చేస్తే పోలా? అయినా నేను జేసన్ వైపే. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు, రేపు లైబ్రరీ మారినా డేటా చేతిలో ఉంటుంది.

కోనసీమ కొబ్బరితోట:
యాప్ మూసేసి కాపీ చేస్తే ఇబ్బంది లేదు. నడుస్తుండగా అయితే ఒక ఫైల్ తీసి రెండోది తీసేలోపు ఎక్కింపు జరగొచ్చు, అప్పుడు రెండూ ఒకదానికొకటి పొసగవు.

జేసన్‌లో మీరన్న సుఖం నిజమే, కాదనను. కానీ ఇండెక్సులు (త్వరగా వెతికే సూచికలు), ట్రిగ్గర్లు (పద్దు మారగానే వాటంతటవే నడిచే ఆదేశాలు) అందులోకి రావు. బిల్లు ఫొటోల్లాంటి బ్లాబ్‌లకి, అంటే టెక్స్టు కాని డేటాకి, వేరే ఏర్పాటు కావాలి. తిరిగి ఎక్కించేటప్పుడు ముందు రైతులు, తర్వాత వాళ్ల పద్దులు అనే వరుస తప్పితే ఫారిన్ కీ (పద్దుని దాని రైతుకి కట్టే లింకు) దగ్గర ఆగిపోతుంది. చదువుకోడానికి ఒక జేసన్ ఉంచుకోండి, కొట్టు మళ్లీ తెరవడానికి మాత్రం బ్యాకప్ ఫైలే.

రీస్టోర్‌లో ఒక్కటి మరిచిపోవద్దు. యాప్ ఆపి, పాత ఫైల్‌తో పాటు దాని వాల్ ఫైల్, దానికి తోడుగా ఉండే ఎస్‌హెచ్‌ఎం ఫైల్ కూడా పక్కకి తీసేయండి. పాత వాల్ కొత్త ఫైల్ పక్కన మిగిలితే డేటా పాడవ్వొచ్చు. తర్వాత ఫైల్ చెడిపోలేదని చూసే ఇంటిగ్రిటీ చెక్ నడపండి, ఓకే అని రావాలి.

పెన్‌డ్రైవ్ కొట్లోనే ఉంచకండి. 1996 నవంబరు తుఫానులో మా నాన్నగారి ఆవర్జాలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఎవరెంత బాకీయో నోటి మాట మీదే తేల్చుకోవాల్సొచ్చింది.

పాలకొల్లు కాలువ:
వరుస సంగతి స్క్రిప్టు చూసుకుంటుందండీ. మీ బ్యాకప్ ఫైల్లో ఏముందో బాబాయిగారు చూడలేరుగా! ఆ భయం నాకు పోదు.

భీమవరం చెరువుగట్టు:
బ్యాకప్ ఫంక్షన్ పెట్టానండీ. రాత్రి కాపీని మా చెల్లి లాప్‌టాప్‌లోకి ఎక్కించి, బాబాయిని పక్కన కూర్చోబెట్టుకుని కాగితం చిట్టాతో ఒక్కో రైతు బాకీ సరిచూశాం. అన్నీ కలిశాయి. కాలువ గారి మాట కూడా తీసేయలేదు, వారానికో జేసన్ తీస్తున్నాను. పెన్‌డ్రైవ్ ఇప్పుడు పిన్ని బీరువాలో ఉంది.