తిప్పే మీటా, తాకే తెరా? ఇరవై ఏళ్లు మన్నే వంటింటి యంత్రం ఏది?

వంటింటి సందేహం:
11 ఏళ్లు పనిచేసిన మా మిక్సీ నిన్న ఆగిపోయింది. ఈసారి కొంటే మళ్లీ 20 ఏళ్లు ఆ మాట ఎత్తకూడదు. తిప్పే మీట ఉన్న పాత తరహాదే మన్నుతుందని నేను, అదంతా చాదస్తమని మా అబ్బాయి. మీరేమంటారు?

పాతసామాను:
నేను మీ పక్షమే. తాకే తెర వెనుక సర్క్యూట్ బోర్డు, దాని మీద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు (కరెంటును కాసేపు నిలవ ఉంచే చిన్న భాగాలు) ఉంటాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్ల మోటు లెక్క. వంటగదిలో వేడికి కొదవా? నా ఫ్రిజ్‌కు పాతికేళ్లు. బోర్డు లేదు, బాధా లేదు.

లెక్కలపిచ్చి:
పాతికేళ్ల ఫ్రిజ్ గురించి అందరూ చెబుతారు. దానితో పాటు తయారై, అయిదేళ్లకే తుక్కులోకి పోయినవి వచ్చి సాక్ష్యం చెప్పవు కదా! బతికి బట్టకట్టినవాటినే చూసి ఆ కాలమంతా గట్టిదనుకుంటున్నాం. పైగా రోజుకు నాలుగు నిమిషాలు తిరిగే మిక్సీ, పగలూ రాత్రీ కరెంటు తినే ఫ్రిజ్ ఒకటి కావు. ఆ ఫ్రిజ్ తలుపు రబ్బరు సడలిందేమో ఎప్పుడైనా చూశారా?

పాతసామాను:
చూశాను. సడలింది. మార్చాను. దొరికింది కాబట్టే మార్చాను.

స్క్రూడ్రైవర్:
మిక్సీలు విప్పడమే నా వృత్తి. అసలు సంగతి పాతసామాను గారి చివరి మాటలో ఉంది, మీట దగ్గర లేదు. మిక్సీ మోటారు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. అందులో తిరిగే భాగానికి ఒరుసుకుంటూ కరెంటు అందించే చిన్న ముక్కలు, కార్బన్ బ్రష్షులు, పుట్టిందే అరగడానికి. మోటారును జారుతో కలిపే ముక్క, కప్లర్, ఉన్నది విరగడానికి: జారులో బ్లేడు బిగుసుకుపోతే అది తెగి మోటారును కాపాడుతుంది. జనం నాసిరకమని తిట్టేది పాపం దాన్నే! కాబట్టి ఎన్నాళ్లు మన్నుతుందని అడగకండి. అరిగేవి అరిగాక మార్చడానికి వీలుందా అని అడగండి. కొనేముందు తలకిందులు చేసి చూడండి. మామూలు స్క్రూలుంటే సగం నమ్మవచ్చు. అంచులు అతికించేసి ఉంటే వారంటీ ఎన్నేళ్లు రాసినా నేను కొనను.

ఐరోపా సమాఖ్య 2021 మార్చి నుంచి ఫ్రిజ్‌లకు పెట్టిన నియమం ఈ తర్కం మీదే నడుస్తుంది. ఆ మోడల్‌లో చివరిది మార్కెట్లోకి వచ్చాక తలుపు రబ్బరు 10 ఏళ్లు, థర్మోస్టాట్, సర్క్యూట్ బోర్డు 7 ఏళ్లు దొరకాలి. బోర్డు కూడా ఉంది చూశారా? దొరికే బోర్డుతో నాకు పేచీ లేదు.

లెక్కలపిచ్చి:
ఏడేళ్లకు ఇరవై ఏళ్లు ఎలా వస్తాయండీ?

స్క్రూడ్రైవర్:
రావు. అందుకే ఏ కంపెనీదైనా సరిపోయే మామూలు భాగాలున్న యంత్రం వైపే నా మొగ్గు. ఆ మేరకు మీటదే గెలుపు.

వంటింటి సందేహం:
ఇదంతా చదివి పాత మిక్సీ అడుగు విప్పాను. ఒక బ్రష్షు గోరంత మిగిలింది. దాని మీది అంకెలు చెరిగిపోయాయి. కొత్తది ఏ కొలతలో తేవాలి?

స్క్రూడ్రైవర్:
పొడవు వదిలేయండి, అరిగింది అదే. వెడల్పు, మందం కొలవండి. బ్రష్షులు రెండూ ఒకేసారి మార్చండి. ప్లగ్గు పీకే విప్పారు కదా?