మా బీగిల్ కుక్క మెదడుకు పని పెట్టే బొమ్మ ఏది కొనాలి?

మా దగ్గర 14 నెలల బీగిల్ ఉంది, పేరు చిట్టి. రోజూ రెండు పూటలా అరగంట చొప్పున నడిపిస్తున్నాం. అయినా ఇంటికి రాగానే చెప్పులు కొరకడం, తలుపు గీకడం మొదలుపెడుతుంది. ఒంటికి అలసట వస్తోంది కానీ బుర్రకు పని దొరకడం లేదని నాకనిపిస్తోంది. వాసన పట్టి కుందేళ్లను వేటాడటానికి పెంచిన జాతి కదా, ముక్కుకు పని లేకపోతే దానికి తోచదు మరి.

మొదట మూతలు జరిపితే తిండి దొరికే ప్లాస్టిక్ పజిల్ ఒకటి కొన్నాను. రెండు రోజుల్లో కిటుకు పట్టేసింది. మూడో రోజు మూతనే కొరికి ఒక ముక్క మింగబోయింది! నోట్లోంచి లాగేసరికి నా చేతులు వణికాయి. అప్పటి నుంచి ఏది కొనాలన్నా టెన్షనే.

ఇప్పుడు రెండు అనుకుంటున్నాను. గుడ్డ పీలికల మధ్య తిండి దాచే స్నఫుల్ మ్యాట్ ఒకటి, లోపల తిండి కూరి గడ్డకట్టించి ఇచ్చే కాంగ్ లాంటి రబ్బరు బొమ్మ ఒకటి. మ్యాట్ దాని ముక్కుకు సరిపోతుంది కానీ పీలికలు పీకి మింగేస్తే? రబ్బరు బొమ్మ ఏ సైజు తీసుకోవాలి? గోరు నొక్కితే కాస్త లొంగనంత గట్టిదైతే పళ్లు విరుగుతాయని విన్నాను, అది కూడా చూసుకోవాలి.

కొరికే అలవాటున్న కుక్కను పెంచినవాళ్లు దయచేసి చెప్పండి. ఏది ఎక్కువ కాలం నిలిచింది? కష్టం పెంచుతూ పోవడానికి మీరేం చేశారు?