మాంచెస్టర్ వాట్స్ వేర్‌హౌస్: బట్టల గోదాముకి ఇంత హంగు దేనికి?

కట్టడాలపిచ్చి:
మాంచెస్టర్ పోర్ట్‌లాండ్ స్ట్రీట్‌లో ఇప్పుడు హోటల్‌గా నడుస్తున్న వాట్స్ వేర్‌హౌస్ ఫొటోలు చూశాను. అంతస్తుకో తీరు, నెత్తిన చక్రాల్లాంటి కిటికీలు! మూటలు పెట్టుకునే చోటుకి ఇదంతా ఎందుకు? ఇంకో సందేహం. ఆ కాలపు గోదాముల్లో స్తంభాలు, దూలాలు పోత ఇనుమా (కరిగించి అచ్చులో పోసింది), చేత ఇనుమా (కాల్చి కొట్టి సాగదీసింది) అన్నది కంటితో చూసి చెప్పొచ్చా?

పాతగోడ:
మూటలు పేర్చే చీకటి కొట్టు కాదండీ అది. ఎస్ అండ్ జె వాట్స్ వాళ్లది టోకు వ్యాపారం. బట్టల కొట్ల వాళ్లు స్వయంగా వచ్చి, మహాగని బల్లల మీద పరిచిన సరుకు చూసి ఆర్డరు రాయించేవారు. ఇనుప మెట్లదారి, ముందువైపు ఆర్భాటం అంతా ఆ కొనుగోలుదారు కోసమే. ట్రావిస్, మాంగ్నల్ అనే ఆర్కిటెక్టులు దీన్ని 1851-56 మధ్య కట్టారు, ఖర్చు లక్ష పౌండ్లు. ఆకారం వెనిస్ భవంతిది. అంతస్తుల మీద ఇటాలియన్, ఎలిజబెతన్, ఫ్రెంచ్, ఫ్లెమిష్ బాణీలు. నన్నడిగితే కాస్త అతే.

ఇటలీ భవంతుల తరహా మాంచెస్టర్ గోదాముల్లో ఊరికే స్థిరపడలేదు. గుడి ముఖంలా ముందుకు పొడుచుకొచ్చే స్తంభాల వరస అక్కర్లేదు, గోడ నేరుగా వీధి అంచుకే వస్తుంది. కిటికీలు ఎన్నయినా పెట్టుకోవచ్చు. నేతలో లోపం, రంగులో తేడా పట్టాలంటే పగటి వెలుతురే దిక్కు కదా.

ఎగుమతి గోదాముల లెక్క వేరు. గుడ్డను పై అంతస్తుల్లో పరీక్ష చేసి, కిందికి దించి, నేలమాళిగలో హైడ్రాలిక్ ప్రెస్సుతో నొక్కి బేళ్లు కట్టేవారు. మన రేవుల్లో దిగిన మాంచెస్టర్ గుడ్డ ఇలాంటి చోట్ల నుంచి వచ్చినదే. అలాంటి భవనాన్ని చూడాలంటే వెనకసందులోకి వెళ్లండి: ఎత్తుడు యంత్రాల తలుపులు, వెలుతురు కోసం అతికించిన తెల్లటి మెరుపు ఇటుకలు అక్కడే కనిపిస్తాయి.

ఇనుపదూలం:
రెండో సందేహానికి నేను చెబుతా. పలచటి రేకులు, కోణాలు రివెట్లతో కలిపి ఉంటే చేత ఇనుము. మందంగా, గరుకుగా, అచ్చు అతుకు గీత కనిపిస్తే పోత. పోత దూలానికి కింది అంచు పై అంచుకన్నా బాగా వెడల్పు. ఆ లోహం నొక్కుడును ఓర్చినంతగా లాగుడును ఓర్చదు, వంగే దూలంలో లాగుడు పడేది కిందివైపే. ఈటన్ హాడ్జ్‌కిన్సన్ అనే ఇంజినీరు మాంచెస్టర్‌లోనే చేసిన పరీక్షల్లో కింది అంచుకి పైదానికన్నా సుమారు 6 రెట్లు లోహం ఉండాలని తేలింది. అందుకే ఆ కింది అంచుకి పైపుల కోసం రంధ్రం వేయకండి. దూలాల మధ్య ఇటుక కమానులుంటే (మన పాత రైల్వే స్టేషన్లలోని జాక్ ఆర్చ్ కప్పులాంటివే) టై రాడ్లు (దూలాలను ఒకదానితో ఒకటి బిగించి పట్టే ఇనుప కడ్డీలు) కోయకూడదు. కోస్తే కమానులు దూలాలను పక్కలకు తోసేస్తాయి.

స్తంభాలు లోపల బోలు. పోత పోసేటప్పుడు లోపలి అచ్చు జరిగితే ఒక వైపు గోడ మందం, ఎదురువైపు పలచన. బయటి చుట్టుకొలత పట్టుకుని బలం లెక్కేస్తే మోసపోతారు. ఒకే ఎత్తులో చుట్టూ మూడు చోట్ల సన్న రంధ్రాలు వేసి మందం కొలవాలి, లేదా అల్ట్రాసానిక్ గేజ్ (ధ్వని తరంగాలతో మందం కొలిచే పరికరం) వాడాలి. పగుళ్లకు మామూలు వెల్డింగు పనికిరాదు, పక్కనే కొత్త పగులు పుడుతుంది.

కట్టడాలపిచ్చి:
"ఫైర్‌ప్రూఫ్" అని రాసుకునేవారు కదా, అది నిజమేనా?

ఇనుపదూలం:
కొంతవరకే. ఇటుక కమాను అంటుకోదు, కానీ కింద బట్టలు తగలబడితే ఇనుము వేడెక్కుతుంది. కాలిన పోత స్తంభం మీద గొట్టంతో చల్లటి నీళ్లు పడితే చప్పున పగిలిపోవచ్చు. చెక్క దూలమైతే పైపైన బొగ్గయి లోపల ఇంకాసేపు నిలబడుతుంది.

పాతగోడ:
రాతి సంగతి కూడా. అక్కడి ఇసుకరాయి సందులు సిమెంటుతో పూడిస్తే తడి సందులోంచి పోలేక రాయిలోంచే పోతుంది, ముఖం పొరలుగా ఊడుతుంది. సున్నం గచ్చే వాడాలి. మసి వదిలించడానికి ఇసుక చిమ్మే గొట్టం పెడితే చెక్కడం అంచులు అరిగిపోతాయి. ముందు మూలన ఒక చిన్న మచ్చ మీద పరీక్షించి, అప్పుడు మిగతాది.