టెల్యూరైడ్ బ్లూగ్రాస్ ఫెస్టివల్‌కి టెంటుతో వెళ్తున్నాం, చలి ఎలా ఉంటుంది?

డెన్వర్_కోడలు:
జూన్‌లో కొలరాడో కొండల్లోని టెల్యూరైడ్ వెళ్తున్నాం, బ్లూగ్రాస్ అనే అమెరికన్ జానపద సంగీతం పండక్కి. టౌన్ పార్క్‌లో క్యాంపింగ్ దొరికింది. మావారికి బాంజో (గిటార్ లాంటి తీగల వాయిద్యం) పిచ్చి, నాకేమో రాత్రి చలి టెన్షన్. పాపకి ఆరేళ్లు. ఏమేం సర్దుకోవాలి?

బాంజోపిచ్చోడు:
అక్కా, ఆ ఊరు దాదాపు 8,750 అడుగుల ఎత్తులో ఉంది. పగలు ఎండ మాడ్చేస్తుంది, పొద్దు వాలితే స్వెట్టర్ వెతుక్కోవాల్సిందే. మందపాటి స్లీపింగ్ బ్యాగులు, రెయిన్‌కోట్లు తప్పనిసరి. కొండల్లో వాన చెప్పి రాదు. మొదటిరోజు నీళ్లు బాగా తాగించండి, ఆ ఎత్తుకి తలనొప్పి రావచ్చు.

పొద్దున గేటు తీయగానే జనం చోటు పట్టుకోవడానికి టార్పాలిన్లు తీసుకుని స్టేజీ ముందుకి పరుగులు తీస్తారు. చూడ్డానికి సరదాగానే ఉంటుంది కానీ, నాకు వెనక గడ్డిలోనే హాయి. అసలు మజా రాత్రి టెంట్ల దగ్గర. ఫిడిల్, మాండొలిన్, గిటార్ పట్టుకుని ముక్కూమొహం తెలియనివాళ్లంతా గుండ్రంగా కూర్చుంటారు. ఒకరి తర్వాత ఒకరు సోలో అందుకుంటారు. బావగారిని బాంజో తెచ్చుకోమనండి, కాకపోతే తన వంతు వచ్చేదాకా మెల్లగా వాయించమనండి!

డెన్వర్_కోడలు:
ఆయన మెల్లగానా? సరే తమ్ముడూ. మరి పాప నిద్ర?

కొండదారి:
చప్పుడు తగ్గించే పిల్లల ఇయర్‌మఫ్స్ కొనండి, స్టేజీ దగ్గరా పనికొస్తాయి. టెంటు వాయించేవాళ్లకి దూరంగా వేసుకోండి. కుక్క ఉంటే ఇంట్లోనే, అక్కడ రానివ్వరు.