సిరిమాను మంగళవారం నాడే పార్లమెంటరీ కమిటీ సమావేశం: తేదీ మార్చమని అడగాలా, వద్దా?

గంటస్తంభం:
జనపనార మిల్లుల పరిస్థితిని చూడడానికి ఒక పార్లమెంటరీ స్థాయీ కమిటీ మన విజయనగరం జిల్లాకు అధ్యయన పర్యటనకు వస్తున్నదనీ, కార్మిక ప్రతినిధులతో మంగళవారం ఉదయం 11 గంటలకు మాట్లాడుతుందనీ మా యూనియన్‌కు లేఖ అందింది. ఆ మంగళవారమే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, అంటే పూజారి కూర్చున్న పొడవాటి మానును (సిరిమానును) గుడి నుంచి కోట దాకా ఊరేగించే పండుగ. ముందురోజు సోమవారం తొలేళ్లు, పండుగ తొలి ఘట్టం. మిల్లులు మూతపడి బకాయిల కోసం తిరుగుతున్నవాళ్లకు ఇలాంటి అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు, అది కూడా ఊరంతా అమ్మవారి సేవలో ఉండే రోజునే పెట్టారు. తేదీ మార్చమని కమిటీకి రాయాలని నా అభిప్రాయం. సభ్యులు ఏమంటారో తెలుసుకుని లేఖ సిద్ధం చేస్తాను.

కోటగుమ్మం:
రాయవద్దని నా మనవి. కమిటీ ఏ రోజు ఏ వేళకు సమావేశం కావాలన్నది లోక్‌సభ నియమావళి ప్రకారం అధ్యక్షుల నిర్ణయం. స్థాయీ కమిటీలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది సభ్యులుంటారు. వారిలో వీలైనవాళ్లను కూడగట్టి, రెండు మూడు ఊళ్లను కలిపి ఒక పర్యటన ఖరారు చేస్తారు. ఒక ఊరి తేదీని కదిపితే మిగిలినవన్నీ కదులుతాయి కనుక, తేదీని కదపడం కంటే ఆ ఊరిని తీసేయడమే వాళ్లకు సులువు. కమిటీ పదవీకాలం ఏడాదే. వచ్చే ఏడాది కమిటీ ఇదే విషయాన్ని ఎంచుకుంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. పైగా సిరిమాను కదిలేది మధ్యాహ్నం 3 గంటల తర్వాత. 11 గంటలకు మొదలై ఒంటిగంటకు ముగిసే సమావేశానికి దానివల్ల అడ్డేమిటో నాకు అర్థం కావడం లేదు.

నాగావళి_గట్టు:
రథసప్తమి నాడు 11 గంటలకు సమావేశం ఉందని పిలిస్తే అరసవల్లి వాళ్లు ఎంతమంది వెళ్తారో కోటగుమ్మం గారు ఒకసారి ఆలోచించాలి.

గంటస్తంభం:
కోటగుమ్మం గారూ, మీ ఇల్లు కోట పక్కనే కాబట్టి మీకు 3 గంటల లెక్క సరిపోతుంది. పల్లెల నుంచి వచ్చేవాళ్లకు పండుగ సోమవారం సాయంత్రమే మొదలవుతుంది. తొలేళ్ల రాత్రి అమ్మవారి దగ్గర విత్తనాలు అందుకోవడానికి వచ్చిన రైతు మరునాడు సిరిమాను చూశాకే ఇల్లు చేరతాడు. ఆ రోజు బస్సులను ఊరి బయటే ఆపేస్తారు, అమ్మవారి గుడి ఉన్న మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా అడుగు పెట్టే సందుండదు. అధికారులూ పోలీసులూ అంతా బందోబస్తు పనిలోనే ఉంటారు. కార్మిక శాఖ నుంచి జవాబు చెప్పవలసినవారు కూడా ఏదో ఒక కూడలిలో విధుల్లో ఉంటే, మా ప్రశ్నలకు బదులిచ్చేదెవరు?

ఢిల్లీవాళ్లను నేను తప్పుపట్టడం లేదు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం అన్నది మనకు తెలిసిన లెక్క. 2023లో అది అక్టోబరు 31న పడింది, 2024లో అక్టోబరు 15న, 2025లో అక్టోబరు 7న. కేంద్ర ప్రభుత్వ సెలవుల పట్టికలో దసరా ఉంటుంది గాని సిరిమాను ఉండదు. తెలియక పెట్టిన తేదీ గురించి తెలిసినవాళ్లు చెప్పకపోతేనే తప్పు.

రాజాం_బస్సు:
మా మాట కూడా కాస్త వినండి. 2022 ఏప్రిల్ 4 దాకా మాది శ్రీకాకుళం జిల్లా, ఆ తర్వాత విజయనగరం జిల్లా. మా నాన్నగారి ప్రావిడెంట్ ఫండ్ కాగితాల కోసం నేను రెండు ఊళ్లూ తిరిగాను, ప్రతి చోటా రెండో ఊరి పేరే చెప్పారు. మంగళవారమైనా శుక్రవారమైనా ఫరవాలేదు, ఆ సమావేశానికి రాజాం వైపు నుంచి ఎవరిని పిలిచారో ముందు చెప్పండి.

కోటగుమ్మం:
పిలుపుల విషయం తర్వాత చూద్దాం. నేనడిగింది ఒక్కటే: ఉదయం 11 గంటలకు సిరిమాను కదులుతుందా? కదలదు. బస్సులు ఊరి బయట ఆగుతాయన్నారు, ఆగిన చోటి నుంచి జనం నడిచే వస్తారు కదా. ప్రతి ఏడాదీ లక్షల మంది నడిచి వచ్చే ఊరికి పది పదిహేను మంది కార్మిక ప్రతినిధులు నడిచి రాలేరంటే నేను నమ్మను.

నా పట్టుదలకు కారణం ఉంది. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, ఊళ్లో జాతర ఉన్నదని మేమే రాసి ఒక పరిశీలన బృందం రాకను వాయిదా వేయించాం. ఆ ఫైలు మీద మరొక తేదీ పడనేలేదు. నేను రిటైరయ్యే నాటికి కూడా అది అలాగే ఉంది. ఆ లేఖ చిత్తుప్రతి రాసింది నేనే కనుక ఇంతగా చెబుతున్నాను.

చంపావతి:
అయితే ఉదయం 8 గంటలకు పెట్టమని అడిగితే ఇద్దరి మాటా చెల్లుతుంది కదా?

గంటస్తంభం:
చెల్లదమ్మా. ఆ రోజు 8 గంటలకే దర్శనానికి వరుసలు రోడ్ల మీదకు వస్తాయి.

కోటగుమ్మం:
వరుసలు గుడి దగ్గర ఉంటాయి, కలెక్టరేటు దగ్గర కాదు.

గోగునార:
నేను ఈ వేదికలో తరచుగా రాయను. పదహారేళ్లు మిల్లులో గోనెసంచుల కుట్టు విభాగంలో పనిచేశాను. మిల్లు పేరు చెప్పను, చెప్పినా చెప్పకపోయినా ఇప్పుడు తలుపులకు తాళమే ఉంది. మా విభాగంలో సగానికి పైగా ఆడవాళ్లం. మాలో చాలామందిని బదిలీ కార్మికులుగానే ఉంచారు, అంటే రోజూ గేటు దగ్గర నిలబడితే పని ఉన్ననాడు లోపలికి పిలిచేవారు. గ్రాట్యుటీ అడిగితే వరుసగా అయిదేళ్లు పనిచేసినట్టు కాగితం చూపమన్నారు.

పై నుంచి కింద దాకా మీ రాతలన్నీ చదివాను. తేదీ మార్చాలా వద్దా అని వాదిస్తున్నవారందరూ లేఖ అందినవాళ్లు, లేదా అందే అవకాశం ఉన్నవాళ్లు. మాకు ఆ మంగళవారమూ లేఖ లేదు, వచ్చే మంగళవారమూ ఉండదు. తొలేళ్లకు ఘటం మొక్కు ఉంది నాకు. పిలుపు వచ్చి ఉంటే మొక్కు తీర్చుకుని, ఆ రాత్రి ఊళ్లోనే ఎవరి అరుగు మీదనో పడుకుని, 11 గంటలకు మీకంటే ముందే వచ్చి కూర్చునేదాన్ని.

గంటస్తంభం:
అమ్మా, మాది గుర్తింపు పొందిన యూనియన్. మేము మాట్లాడేది అందరి తరఫునా. కుట్టు విభాగాన్ని మేము వదిలేశామన్నట్టు పదిమంది చదివే చోట రాయడం న్యాయం కాదు. నలభై ఏళ్లు జెండా మోసినవాణ్ణి, లాకౌట్ రోజుల్లో గేటు ముందు వంట చేసి పెట్టినవాణ్ణి.

గోగునార:
ఆ వంట చేసింది మేము బాబూ. మీరు వడ్డించారు.

రాజాం_బస్సు:
రాజాం వైపు నుంచి ఎవరిని పిలిచారన్న నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. అసలు ఆ పేర్ల జాబితా ఎవరిచ్చారు?

గంటస్తంభం:
నేనే ఇచ్చాను. సమావేశం ఏర్పాట్లు చూస్తున్న కార్యాలయం నుంచి సాయంత్రంలోగా పేర్లు కావాలని ఫోను వచ్చింది. నాకు గుర్తున్న పదకొండు పేర్లు చెప్పాను. అందరూ మా యూనియన్ కమిటీలో ఉన్నవాళ్లే, అందరూ మగవాళ్లే. రాజాం పేరు ఒక్కటీ లేదు. ఎవరినీ కావాలని వదలలేదు గాని, ఎవరినీ గుర్తు చేసుకోలేదన్నది మాత్రం నిజం.

కోటగుమ్మం:
ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఇది నా వాదన కోసం కాదు. అధ్యయన పర్యటనలో కమిటీ జరిపేవి అనధికారిక చర్చలు. అక్కడ సాక్ష్యం నమోదు చేయరు, నిర్ణయాలూ తీసుకోరు. హాల్లో ఎవరు ఎంత గట్టిగా మాట్లాడినా, తర్వాత ఢిల్లీలో నివేదిక రాసేటప్పుడు ముందుండేది కాగితమే. కనుక పిలుపు లేనివారు కూడా వినతిపత్రాన్ని కమిటీ సచివాలయానికి నేరుగా పంపవచ్చు. బదిలీ కార్మికుల పనిదినాల లెక్క, 1972 గ్రాట్యుటీ చట్టం కింద మీరు చేసిన దరఖాస్తుకు వచ్చిన జవాబు, ప్రావిడెంట్ ఫండ్ కోత చూపే వేతన చీటీలు జతచేయండి. కమిటీ సిఫారసులను అమలు చేసి తీరాలన్న నిర్బంధం ప్రభుత్వానికి లేదు, అయినా ఏం చేసిందో మూడు నెలల్లో జవాబు చెప్పవలసి ఉంటుంది. ఒక జాగ్రత్త: పంపిన వినతిపత్రాన్ని ఇక్కడ గాని వాట్సాప్‌లో గాని పెట్టకండి. నివేదిక సభ ముందుకు వచ్చేదాకా అది కమిటీ కాగితం.

నాగావళి_గట్టు:
మా వైపు, గోనెసంచులకు నార ఇచ్చే గోగు పంట వేసే రైతుల మాట కూడా అందులో చేర్చాలి. ఆహార ధాన్యాలకు గోనెసంచులే వాడాలని 1987 నుంచి చట్టం ఉన్నా, గోగు వేసేవాళ్లు తగ్గి మొక్కజొన్నకు మళ్లారు. కోసిన గోగును ఊరబెట్టడానికి చెరువులో నీళ్లు ఉండవు, నార తీయడానికి మనుషులు దొరకరు.

గోగునార:
వేతన చీటీలు నా దగ్గర ట్రంకుపెట్టెలో ఉన్నాయి, కొన్నింటికి చెద పట్టింది. మాలో తొమ్మిది మందివి పోగు చేయగలను. రాసిపెట్టేవాళ్లు కావాలి.

గంటస్తంభం:
నేను రాస్తాను. తేదీ గురించి లేఖ పంపడం లేదు. దాని బదులు ప్రతినిధుల జాబితా సవరించమని రేపు ఉదయమే కార్యాలయానికి వెళ్లి అడుగుతాను. నా పేరుతో కలిపి అయిదు పేర్లు తీసేసి, కుట్టు విభాగం నుంచి ముగ్గురిని, రాజాం నుంచి ఇద్దరిని చేర్చమంటాను. గోగునార గారూ, ఆ ముగ్గురి పేర్లూ పనిచేసిన సంవత్సరాలూ నాకు వ్యక్తిగత సందేశంలో పంపండి. రాజాం వారూ, మీరూ పంపండి. సవరణకు ఒప్పుకోకపోతే ఆ మాట ఇక్కడే రాస్తాను.

రాజాం_బస్సు:
పంపాను. మా నాన్నగారు రాలేరు, ఆయన కాగితాలతో నేను వస్తాను. సోమవారం రాత్రికే బయలుదేరాలి కదా?

కోటగుమ్మం:
మంగళవారం తెల్లవారుజామున బయలుదేరినా సరిపోతుంది. సిరిమాను కదిలేది 3 గంటల తర్వాతే.

గోగునార:
సోమవారమే రండి బాబూ. అరుగు మీద చోటుంది.