బేస్‌బాల్‌కి ముందు అమెరికా పిల్లలు ఏం ఆడేవాళ్లు?

ప్రశ్న: న్యూయార్క్‌లోని నికర్‌బాకర్ అనే బేస్‌బాల్ క్లబ్ ఆట నియమాలు రాసింది 1845లో. అంతకుముందు పిల్లలు కర్ర, బంతి పట్టుకుని ఏం ఆడేవాళ్లండీ? జట్టుకి సరిపడా జనం లేకపోతే?

జవాబు: ముగ్గురుంటే చాలు, ‘వన్ ఓల్డ్ క్యాట్’ మొదలు. ఒకడు విసరాలి, ఒకడు కొట్టాలి, కొట్టినవాడు ఒకే ఒక్క బేస్ (పరిగెత్తి చేరాల్సిన గుర్తు) దాకా పరిగెత్తి వెనక్కి రావాలి. ఇంకొంతమంది చేరితే ‘టూ ఓల్డ్ క్యాట్’. ఇద్దరే ఉంటే కొట్టం గోడకేసి ‘బార్న్ బాల్’.

నాకు మహా ఇష్టమైన రూలు ‘సోకింగ్’. పరిగెత్తేవాణ్ణి బంతితో కొడితే వాడు ఔట్! నూలు చుట్టి పైన తోలు కుట్టిన మెత్తటి బంతి కాబట్టి బతికిపోయేవాళ్లు. నికర్‌బాకర్ వాళ్లు దీన్ని తీసేశారు. సరదా పోయింది, నన్నడిగితే.

ఇంకో జవాబు: పెద్దలకి మాత్రం కిటికీల టెన్షన్. 1791లో మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్‌లో కొత్త మీటింగ్ హౌస్‌కి (ఊరి సభలు, ప్రార్థనలు జరిగే భవనం) 80 గజాల లోపు బేస్‌బాల్ సహా బంతాటలు ఆడకూడదని కట్టడి చేశారు.

ప్రశ్న అడిగినవారు: అయితే 1839లో అబ్నర్ డబుల్‌డే అనే ఆయన బేస్‌బాల్‌ని కనిపెట్టాడన్నది?

జవాబు: ఉత్త కట్టుకథ. 1744లో లండన్‌లో అచ్చయిన పిల్లల పుస్తకంలోనే ‘బేస్‌బాల్’ పేరుతో బొమ్మా పద్యమూ ఉన్నాయి. బొమ్మలో బేస్‌ల బదులు గుంజలు, బ్యాటు అసలు కనిపించదు.