ఎస్‌జీపీటీ 78 వచ్చింది: వదిలేయవచ్చా, వెంటపడాలా?

ఉప్పాడ_అలలు:
మా తమ్ముడికి 41 ఏళ్లు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో లివర్ ఎంజైములు ఎస్‌జీపీటీ 78, ఎస్‌జీఓటీ 52 వచ్చాయి. బిలిరుబిన్, అల్బుమిన్ బాగానే ఉన్నాయి. మందు ముట్టడు. ఒకటే టెన్షన్ పడుతున్నాడు. ఏం చేయమంటారు?

సీమ_రాజు:
ఏమీ అక్కర్లేదు. జిమ్‌కు వెళ్తాడా? బరువులెత్తితే కండరాల నుంచి కూడా ఈ ఎంజైములు రక్తంలోకి వస్తాయి. కొన్నాళ్లు జిమ్ ఆపి మళ్లీ చేయించండి.

తోరణం:
పరగడుపున నేల ఉసిరి రసం తాగించండి.

ఖమ్మం_ఆడపడుచు:
కండరాల వల్లయితే మామూలుగా ఎస్‌జీఓటీ పైన ఉంటుంది. ఇక్కడ ఎస్‌జీపీటీ పైన ఉంది. తాగని మనిషికి ఇలా వస్తే ముందు ఫ్యాటీ లివర్‌ను అనుమానించాలి. పొట్ట ఉందా? హెపటైటిస్ బి, సి చూశారా?

సీమ_రాజు:
జిమ్ సంగతి ఆయన చెప్పనే లేదు, మీరు జబ్బు తేల్చేశారు. సీకే (కండరాల ఎంజైము) పరీక్ష చేయిస్తే కండరమో కాదో తెలిసిపోతుంది.

ఉప్పాడ_అలలు:
జిమ్‌కు వెళ్లడండీ. పొట్ట ఉంది.

సీమ_రాజు:
అయినా ల్యాబ్ పరిమితి 45 అనుకుంటే ఇది రెండింతలు కూడా కాదు.

ఖమ్మం_ఆడపడుచు:
మగవాళ్లకు ఎస్‌జీపీటీ 33 దాటితే చాలు, ఎక్కువ కింద లెక్క అని అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2017లోనే చెప్పింది. మా నాన్నకు 38 వచ్చింది, నార్మల్ అని పంపించేశారు. అదే కాగితంలో ప్లేట్‌లెట్లు 90 వేలకు తగ్గి ఉన్నాయి, లివర్ ముదిరిందనడానికి అదో గుర్తు, ఎవరూ చూడలేదు. రక్తం కక్కుకున్నాక సిరోసిస్ అన్నారు. మచ్చలు కట్టిన లివర్‌లో ఎంజైములు మామూలుగానే ఉండొచ్చు. 'ఏమీ అక్కర్లేదు' అన్న మాట ఇంకెవరికీ చెప్పకండి.

సీమ_రాజు:
మీకే ఉందా బాధ? మా అమ్మ టీబీ మందులు వాడుతుండగా ఎస్‌జీపీటీ 70 వచ్చింది. లివర్ పోయిందని ఒక బంధువు భయపెట్టాడు. డాక్టరుకు చెప్పకుండా మందులు మానేసింది. వాంతులో కామెర్లో ఉంటే ల్యాబ్ పరిమితికి మూడు రెట్లు, ఏ లక్షణమూ లేకపోతే ఐదు రెట్లు దాటాకే వాటిని ఆపుతారు. జబ్బు తిరగబెట్టి మనిషి సగమైపోయింది.

ఖమ్మం_ఆడపడుచు:
మందులు ఆపమని నేననలేదు. ఉప్పాడ గారూ, ప్లేట్‌లెట్లు ఎంత? వేరే మందులేమైనా వాడుతున్నాడా?

ఉప్పాడ_అలలు:
2.4 లక్షలు. కరోనా నుంచి రోజూ తిప్పతీగ చూర్ణం తీసుకుంటున్నాడు.

ఖమ్మం_ఆడపడుచు:
అది ముందు ఆపించండి. తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులను ముంబై డాక్టర్లు 2021లో బయటపెట్టారు. వయసు, ఈ రెండు ఎంజైములు, ప్లేట్‌లెట్లు కలిపి లివర్‌లో మచ్చలను అంచనా వేసే ఫిబ్-4 లెక్క కడితే 1.0 వచ్చింది. 1.3 లోపుంటే ముదిరిన మచ్చలుండే అవకాశం తక్కువ. అల్ట్రాసౌండ్, హెపటైటిస్ పరీక్షలు చేయించి డాక్టరుకు చూపించండి.

తోరణం:
తిప్పతీగ మీద ఆ మాట ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు.

సీమ_రాజు:
అల్ట్రాసౌండ్ వరకు సరే. రిపోర్టు మాత్రం తమ్ముడి చేతికివ్వకండి. డాక్టరు చూశాక ఆయనే చెప్తాడు.

ఖమ్మం_ఆడపడుచు:
ఎందుకివ్వకూడదు? నాన్న కాగితాలు మా అన్నయ్య బీరువాలో పెట్టాడు. ఆయన చేతిలో ఉంటే ప్లేట్‌లెట్ల గురించి ఆయనే అడిగేవాడు.

సీమ_రాజు:
మా అమ్మ చేతిలో ఉంది కాబట్టే మందులు మానేసింది.

ఖమ్మం_ఆడపడుచు:
ఆమెకు 70 అంటే ఏమిటో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. తప్పు అక్కడుంది, కాగితం ఇవ్వడంలో కాదు.

సీమ_రాజు:
చెప్పే తీరిక ఏ డాక్టరుకుందండీ? అది వచ్చేదాకా నేనివ్వను.

ఉప్పాడ_అలలు:
రిపోర్టు వాడి ఫోన్‌కే వస్తుంది. సోమవారం ఇద్దరం వెళ్తున్నాం.